ఒక్కడు నిద్రపోతే చాలదు

సెనేటర్ ఆంబ్రోస్ కిట్రెడ్జ్ చెంప మీద లావీనియా క్రాడక్ రెండోసారి కొట్టింది. మొదటి దెబ్బ మెలకువ తెప్పించడానికి. రెండోది కూడా అందుకేనని పైకి అంది గానీ, అందులో సొంత సరదా కొంత ఉంది.

సెనేటర్ లేవలేదు. ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. లావీనియా ఆయన కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప గుండుసూది తలంతయి ఉంది.

"నల్లమందు," అంది. "గ్రోవ్ గారూ, చిక్కటి కాఫీ కావాలి. పాలు వద్దు. మీ వంటవాణ్ణి పిలిచి ఈయన్ని చంకల కింద పట్టుకుని వరండాలో నడిపించమనండి. కాళ్ళు ఈడ్చినా సరే, ఆపొద్దు."

"బతుకుతాడా?"

"ఇలాంటివాళ్ళు అంత తేలిగ్గా పోరు లెండి."

కీజియా గ్రోవ్ ఆ బోర్డింగు ఇంటి యజమానురాలు. బానిసగా పుట్టిన నల్లజాతి స్త్రీ. ఇప్పుడు ముగ్గురు సెనేటర్లూ ఒక జడ్జీ ఆమె బల్ల దగ్గర భోంచేస్తారు, ఆమె పెట్టిందే తింటారు. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, మంచం మీద పడి ఉన్న ఆ పెద్దమనిషిని పాడైపోయిన మాంసాన్ని చూసినట్టు చూస్తోంది.

అది 1868 మే పదహారు. మధ్యాహ్నం పన్నెండింటికి సెనేట్‌లో ఓటింగు. ఒక అధ్యక్షుణ్ణి అభిశంసించి బోనెక్కించడం ఈ రిపబ్లిక్ పుట్టాక అదే మొదటిసారి. అంతకు ముందు మూడుసార్లు అధ్యక్షులు పదవిలో ఉండగా పోయారు. ఇద్దరు జబ్బు చేసి, మూడో ఆయన తుపాకి గుండుకి. ప్రతిసారీ ఉపాధ్యక్షుడు వచ్చి గద్దె ఎక్కాడు. ఇప్పుడు బోనులో ఉన్నది అలా మూడోసారి ఎక్కినవాడే. ఆయన ఖాళీ చేసి వచ్చిన ఉపాధ్యక్షుడి కుర్చీలో ఎవరూ లేరు. ఈయన్ని దింపితే పీఠం చట్టప్రకారం సెనేట్ పెద్దకి పోతుంది. ఆ పెద్దకి తెలిసో తెలియకో, ఆయన పేరు చెప్పుకుని పదవులు పంచేసుకున్నవాళ్ళు వాషింగ్టన్‌లో ఏ బోర్డింగు ఇంటి తలుపు తట్టినా కనిపిస్తున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న బాపతు.

ఆరాలు తీసే పనికి లావీనియాని కుదుర్చుకున్నది అధ్యక్షుడి తరఫు వకీళ్ళు. అధ్యక్షుడంటే ఆమెకి గౌరవమేమీ లేదు. యుద్ధంలో శత్రువుల శిబిరాల్లోంచి ఉత్తరాదికి కబుర్లు మోసిన మనిషి ఆమె. ఎవరి కోసం ఆ యుద్ధం చేశారో వాళ్ళనే మళ్ళీ పాత దొరల కాళ్ళ దగ్గరికి తోసేస్తున్న మొండివాడంటే ఆమెకి గౌరవం ఎక్కణ్ణించి వస్తుంది? కానీ ఒప్పుకున్న పని పనే. 'నిర్దోషి' అంటానని వకీళ్ళకి గుసగుసగా మాటిచ్చిన కిట్రెడ్జ్ పొద్దున ఫలహారానికి రాకపోయేసరికి వాళ్ళు ఆమెని పంపారు. ఈ కిట్రెడ్జ్ అవతలివాళ్ళకి కూడా గుసగుసగా ఇంకేదో మాటిచ్చే ఉంటాడని ఆమె అనుమానం.

వంటవాడు సెనేటర్ని వరండాలోకి ఈడ్చుకుపోయాక ఆమె గది చూసింది.

మంచం పక్కన చిన్న బల్ల. దాని మీద రాత్రి భోజనం తాలూకు ఎంగిలి పళ్ళేలు. ఎండిపోయిన గ్రేవీ, కొరికి వదిలేసిన రొట్టె ముక్క, చేప ముళ్ళు. వాటి మధ్య ఒక గాజుగ్లాసు తళతళా మెరుస్తోంది. గోడవారగా నల్లమందు ద్రావకం సీసా, సగానికి నిండి ఉంది.

"ఈ సీసా ఆయనదేనా?"

"పంటినొప్పికి చలికాలంలో తెచ్చుకున్నాడు. పన్ను పీకించేశాక ముట్టుకోవడం నేను చూళ్ళేదు."

"గ్లాసు మీరు కడిగారా?"

"కడిగితే కిందకి తీసుకెళ్ళి కడుగుతాను గానీ, ఎంగిలి పళ్ళేల మధ్య పెట్టి తుడుస్తానా? నా ఇల్లు మీకెలా కనిపిస్తోంది?"

"మరి రాత్రి ఇందులో ఏముంది?"

"వేడినీళ్ళు, విస్కీ, నిమ్మకాయ, పంచదార. పడుకోబోయే ముందు అడిగాడు. నేనే కలిపాను. పైకి తెచ్చింది మాత్రం నేను కాదు. మెట్ల దగ్గర స్టాక్‌డేల్ ఎదురొచ్చి, 'మీకెందుకు శ్రమ' అంటూ నా చేతిలోంచి లాక్కున్నాడు. శీతాకాలం నుంచీ ఈ ఇంట్లో ఉంటున్నాడు, తన పళ్ళెం తీసి ఒక్కసారి పక్కన పెట్టిన పాపాన పోలేదు. నిన్న ఆయనకి నా మీద అంత జాలి ఎందుకు పుట్టిందా అనుకున్నాను."

లావీనియా గ్లాసు ఎత్తి వాసన చూసింది. తుడిచిన చెయ్యి తొందరలో ఉంది. అడుగున, చుట్టూరా, లవంగాల వాసన సన్నగా మిగిలిపోయింది. కీజియా విస్కీలో లవంగాలు వెయ్యలేదు. ముఖం కడుక్కునే పళ్ళెం పక్కన వేలాడుతున్న తువ్వాలు మడత కూడా విప్పలేదు, తెల్లగా ఉంది. అంటే గ్లాసు తుడిచినవాడు తన జేబులోని గుడ్డతో తుడిచాడు.

అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. తట్టకుండానే తలుపు తెరుచుకుంది.

కెప్టెన్ ఫినియస్ బర్డెట్‌ని చూడగానే లావీనియాకి ఎప్పుడూ నోట్లో ఏదో చేదు తగిలినట్టు ఉండేది. యుద్ధకాలంలో గూఢచారి. అప్పట్లో పట్టుకున్న శత్రువుల కంటే సంపాదించిన గుర్రాలు ఎక్కువని పేరు. ఇప్పుడు ఎవరు పిలిస్తే వాళ్ళకి పనిచేస్తాడు. ఈ నెల అధ్యక్షుణ్ణి దించాలనేవాళ్ళు పిలిచారు.

"పాపం, వకీళ్ళకి మగవాళ్ళు దొరకలేదా?" అన్నాడు టోపీ తియ్యకుండానే. "ఏవమ్మా క్రాడక్, తేల్చేశావా?"

"మీరొచ్చారుగా కెప్టెన్. ఇక తేలేదేముంటుంది? విప్పినవన్నీ మళ్ళీ ముడిపడిపోతాయి."

బర్డెట్ గదంతా ఒకసారి కలియజూసి, సీసా మీద చెయ్యి పెట్టాడు. "నాకు చూపు చాలు. మందు ఇదిగో. గ్లాసు ఇదిగో. పోసిన చెయ్యి..." కీజియా వైపు తిరిగాడు. "ఏయ్, నువ్వేగా రాత్రి కలిపింది? అధ్యక్షుడంటే నీకు పడదని ఊరంతా తెలుసు. పద, స్టేషన్లో చెబుదువు గాని."

"నన్ను 'నువ్వు' అనకండి," అంది కీజియా, గొంతు పెంచకుండా. "ఇది నా ఇల్లు. గ్రోవ్ గారూ అనండి, లేకపోతే గుమ్మం అవతల నిలబడి మాట్లాడండి."

"గారూనా? నీకా?"

"అవును, ఆవిడకే," అంది లావీనియా. "పడదన్న మాట కూడా నిజమే. ఈ ఊళ్ళో నల్లవాళ్ళకి ఓటు హక్కు ఇచ్చే చట్టాన్ని ఆ అధ్యక్షుడు సంతకం పెట్టకుండా తిప్పికొట్టాడు. ఆవిడకి పడకపోవడమేమిటి, నాకూ పడదు. పడకపోవడం నేరమైతే సగం దేశం జైల్లో ఉండాలి. సరే, ఆ సీసా మూత తియ్యండి."

"ఎందుకూ?"

"మందు అందులోంచే పోశారన్నారుగా. తీసి చూపించండి."

బర్డెట్ బిరడా పట్టుకుని లాగాడు. రాలేదు. మెలిపెట్టాడు. పళ్ళతో పట్టుకుని గుంజాడు. ముఖం బీట్‌రూట్‌లా అయిపోయింది. బిరడా చుట్టూ ఎండి గట్టిపడిన పాకం పొడిపొడిగా ఆయన మీసాల మీద రాలింది గానీ, బిరడా కదల్లేదు.

"చలికాలం నుంచీ ఎవరూ తియ్యలేదు," అంది లావీనియా. "మందు బయటినుంచి వచ్చింది కెప్టెన్. మీ పళ్ళు జాగ్రత్త, మిగిలినవే కొన్ని."

ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవాడు. బర్డెట్ ఊరుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అసలు ఈ గది చూసే అధికారం ఆమెకి ఎవరిచ్చారన్నాడు. వకీళ్ళ సంతకం చూపించమన్నాడు. చూపిస్తే ఆ సంతకం చెల్లదన్నాడు. కీజియాని అడిగిందే మళ్ళీ అడిగాడు. నిమ్మకాయ ఎక్కడ కొన్నావన్నాడు, విస్కీ ఎవరమ్మారన్నాడు. లావీనియా ఒక మాటంటే పది మాటలన్నాడు. ఇంత చచ్చు ప్రశ్నలు వేసే మనిషికి ఎవరైనా పని ఎందుకిస్తారా అని ఆమెకి విసుగెత్తిపోయింది.

చివరికి ఆమే లేచి లెమ్యూల్ స్టాక్‌డేల్‌ని పిలిపించింది.

స్టాక్‌డేల్ కొత్త సూటులో వచ్చాడు. సెనేట్ పెద్ద గద్దె ఎక్కగానే తనకి ఏదో రేవులో కస్టమ్స్ కలెక్టర్ పదవి ఖాయమని మార్చి నెలనుంచీ అందరికీ చెప్పుకుంటున్నాడు. బట్టతల, పిల్లి గడ్డం, నాలుగు వేళ్ళకీ ఉంగరాలు.

"శుభోదయం. సెనేటర్ గారికి ఒంట్లో బాగాలేదని విన్నాను. అయ్యో పాపం. నేను ఏమైనా సాయం..."

"రాత్రే చేశారటగా సాయం. గ్లాసు మోశారట."

"మర్యాదండీ. ఆడవాళ్ళు బరువు మోస్తుంటే చూడలేను."

"గ్లాసుడు విస్కీ బరువా?"

"అంటే... మెట్లు కదండీ."

"ఆయన తాగేదాకా ఉన్నారా?"

"ఉన్నట్టే గుర్తు. కాదు, వెంటనే వచ్చేశాను."

"ఉన్నారా, వచ్చేశారా? కలెక్టరు కాబోయేవారు, ఒక గ్లాసు లెక్కే చెప్పలేకపోతే ఓడల లెక్క ఎలా చెబుతారు?"

స్టాక్‌డేల్ నెత్తిమీద చెమట పట్టింది. అలవాటుగా జేబులోంచి పట్టు రుమాలు తీసి అద్దుకున్నాడు. తెల్లటి పట్టు మీద అరచేయంత మేర పచ్చటి మరక. నల్లమందు ద్రావకంలో లవంగాలూ కుంకుమపువ్వూ వేస్తారు. ఎంత ఉతికినా ఆ మరక పోదు. ఈయన అసలు ఉతకనే లేదు.

లావీనియా ఆ రుమాలు లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. లవంగాలు.

"గ్లాసు తుడిచిన గుడ్డ తెల్లారేసరికి పొయ్యిలో వెయ్యాలి మిస్టర్ స్టాక్‌డేల్. పట్టుది కదా అని దాచుకున్నారా?"

స్టాక్‌డేల్ మంచం పట్టె మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. "చంపాలని కాదండీ! దేవుడి తోడు! సాయంత్రం దాకా నిద్రపోతే చాలన్నారు... నాకేం తెలుసండీ ఎంత పొయ్యాలో..."

లావీనియా 'అన్నారు' దగ్గర ఆగింది. నోరు తెరిచేలోగా బర్డెట్ కుర్చీలోంచి లేచాడు. గడియారం తీసి చూసుకుని మూత పెట్టాడు.

"సరే," అన్నాడు. "నువ్వే గెలిచావు క్రాడక్. దొంగ దొరికాడు. ఇక సెలవు."

టోపీ సర్దుకుని, చేతికర్ర ఊపుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అప్పుడు వరండాలోంచి వంటవాడు కేకేశాడు. సెనేటర్ కళ్ళు తెరిచాడు. లావీనియా వెళ్ళేసరికి కిట్రెడ్జ్ గోడకి ఆనుకుని, గడ్డం మీద కాఫీ కారుతూ, పసిపిల్లాడిలా చూస్తున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు. ఆ గొంతులో భయం లేదు, ఆశ ఉంది. "ఓటింగు... అయిపోయిందా?"

"లేదు."

సెనేటర్ ముఖం వాడిపోయింది. "కాసేపు ఆగి లేపకపోయారా," అని గొణిగాడు.

కీజియా ఫక్కున నవ్వింది. లావీనియాకి నవ్వు రాలేదు. ఒకడు పదవి కోసం మందు పోశాడు. పోయించుకున్నవాడు మహాప్రసాదం దొరికినట్టు తాగి పడుకున్నాడు. తాగుతున్నప్పుడు లవంగాల వాసన ఈయనకి రాలేదంటే నమ్మాలా? దేశం భవిష్యత్తు అని ఉపన్యాసాలిచ్చేది ఈ ముఖాలే.

కానీ ఆమెని తొలుస్తున్నది అది కాదు. బర్డెట్ ఓడిపోయానని ఒప్పుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఎరుగును ఆ మనిషిని. పేకాటలో చేతిలో ముక్కల్లేకపోయినా ఒప్పుకునే రకం కాదు.

ఆమె నిలబడి లెక్క వేసింది. సెనేట్‌లో యాభై నలుగురు. అధ్యక్షుణ్ణి దించాలంటే మూడింట రెండు వంతులు, అంటే ముప్పై ఆరుగురు 'దోషి' అనాలి. ఖాయంగా అనేవాళ్ళు ముప్పై ఐదుగురని ఊళ్ళో బూట్లు తుడిచేవాడికి కూడా తెలుసు. ఒక్కటి తక్కువ. రాజ్యాంగం అడిగేది మాత్రం హాజరైనవాళ్ళలో మూడింట రెండు వంతులు. అందుకే 'నిర్దోషి' అనేవాణ్ణి పడుకోబెట్టారు. అయితే ఒక్కడు నిద్రపోతే ఏమీ మారదు. యాభై ముగ్గురున్నా ముప్పై ఆరు కావలసిందే. స్టాక్‌డేల్ చేసింది పనికిమాలిన పని.

ఇద్దరు రాకపోతే? యాభై ఇద్దరిలో మూడింట రెండు వంతులు... ముప్పై ఐదు సరిపోతుంది.

ఆమె ఒక్క అంగలో గదిలోకి వచ్చి స్టాక్‌డేల్ కొత్త కాలరు పట్టుకుంది.

"రెండోవాడెవడు?"

"నాకు తెలీదండీ..."

"సాయంత్రం దాకా నిద్రపోతే చాలని నీతో అన్నది ఎవరు? బర్డెట్టేనా?"

స్టాక్‌డేల్ మెట్ల వైపు చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని తలూపాడు. "మందు కూడా ఆయనే తెచ్చిచ్చాడండీ. ఇద్దరు తగ్గితే చాలు, ఒకడు నీ వంతు, ఇంకొకడు నా వంతు అన్నాడు. ఆయన వంతు హాల్డెన్ గారు."

హాల్డెన్. ముసలి సెనేటర్. రెండు రోజుల కిందట పక్షవాతం కొట్టింది. నన్ను మంచంతో సహా మోసుకెళ్ళండి, 'నిర్దోషి' అని చెప్పి చస్తాను అంటున్నాడు. సంతలో గొడ్లలాంటి ఆ యాభై నలుగురిలో లావీనియా మనిషి అనుకున్నది ఒక్క ఆయన్నే.

"ఎలా?"

"బండి తీసుకెళ్ళి ఆయన్ని ఎక్కించుకుంటాడటండీ. దారిలో ఓపికకని బ్రాందీ పడతాడట. ఆయనకీ నిద్రేనండీ, అంతే..."

"పక్షవాతం వచ్చిన ముసలాడికి నల్లమందు పడితే నిద్ర కాదురా, చావు!"

అర్థమైంది. నిమ్మకాయ ఎక్కడ కొన్నావు, సంతకం చెల్లదు, విస్కీ ఎవరమ్మారు. బర్డెట్ వేసిన ఆ చచ్చు ప్రశ్నలేవీ జవాబు కోసం అడిగినవి కావు. తనని ఈ గదిలో కట్టిపడెయ్యడానికి అడిగినవి. తను తెలివిగా జవాబులు చెబుతూ, వాడి పళ్ళ మీద జోకులు వేస్తూ కూర్చుంది. ఆ ఇంట్లో అందరికంటే పెద్ద వెర్రిదాన్ని తనే అనిపించి ఆమెకి చెవులు వేడెక్కాయి.

స్టాక్‌డేల్‌ని వంటవాడు సామాన్ల కొట్లో పెట్టి తాళం వేశాడు. లావీనియా కీజియా దగ్గరికొచ్చింది.

"నేను హాల్డెన్ ఇంటికి పరిగెత్తాలి. ఈ కిట్రెడ్జ్‌ని పన్నెండింటికి సెనేట్ తలుపు దాటించాలి. వీడొక్కడు కుర్చీలో ఉన్నా వాళ్ళ లెక్క తప్పుతుంది. మీరు చెయ్యగలరా?"

కీజియా వరండాలోని సెనేటర్ వైపు తల తిప్పింది.

"వీడి ఓటు ఎవరిని కాపాడుతుందో తెలిసే నన్ను అడుగుతున్నారా?"

"తెలిసే అడుగుతున్నాను. నమ్మడానికి ఇంకెవరూ లేరు."

"ఆ అధ్యక్షుణ్ణి దించిన రోజు మా చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది నేనే. ఈ పూట అది పాడకుండా చేస్తారన్నమాట." కీజియా చేతులు తుడుచుకుంది. "కానీ మందు నా గ్లాసులో పోశారు. ఆ కెప్టెన్ మెట్లెక్కి వచ్చి మొదట వేలు చూపించింది నన్ను. ఇలాంటి పని ఇవాళ చెల్లిందంటే, రేపు వాళ్ళకి ఎప్పుడు గ్లాసు కావలసొచ్చినా నాలాంటిదాని ఇంటికే వస్తారు. ఉరితాడు ఎవరి మెడకో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

వెళ్ళి సెనేటర్ని భుజం పట్టి లేపింది.

"లేవండి. కోటు వేసుకోండి."

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి గ్రోవ్ గారూ..."

"తిరగనివ్వండి, కాళ్ళు నడిస్తే చాలు. మీ ఓటు మీ ఇష్టం. కుర్చీలో కూర్చోవడం మాత్రం నా ఇష్టం. దారిలో కడుపునొప్పి అన్నారంటే, లేపినందుకు మీరెంత బాధపడ్డారో సెనేట్ మెట్ల మీద నిలబడి ఊరందరికీ చెబుతాను."

లావీనియా మిగతాది వినలేదు. లంగా అంచు పిడికిట బిగించి వీధిలోకి పరిగెత్తింది. హాల్డెన్ ఇల్లు రెండు వీధుల అవతల. సెనేట్ చూడ్డానికి పోతున్న జనం దారి నిండా. గ్యాలరీ టిక్కెట్లు చేతిలో పట్టుకుని, తిరణాలకి పోతున్నట్టు ముస్తాబై, నవ్వుకుంటూ. మోచేతులతో తోసుకుంటూ, తిట్లు తింటూ, తిరిగి తిడుతూ వెళ్ళింది.

హాల్డెన్ ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ముందుగదిలో చక్రాల కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద కప్పిన శాలువా ఒక వైపు నేల మీదకి జారింది. మిసెస్ హాల్డెన్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. తెల్లజుట్టు ముసలావిడ, లావీనియాని ముందునుంచీ ఎరిగిన మనిషి. లావీనియాని చూసి ముఖం విప్పారింది.

"సెనేటర్ ఎక్కడమ్మా?"

"ఇప్పుడే బయల్దేరారు. అదుగో, మూల తిరిగింది బండి. ఎంత మంచి మనిషమ్మా, సొంత తమ్ముడిలా ఎత్తుకుని బండిలో కూర్చోబెట్టాడు."

"కెప్టెన్ బర్డెట్‌తో పంపించారా! ఆయన అవతలి పక్షం మనిషని మీకు తెలుసు కదమ్మా!"

"తెలుసు. మొదట నేను తలుపే తియ్యలేదు." ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా నొక్కింది. "ఆ బ్రాందీ సీసా నువ్వే ఇచ్చి పంపావని, దగ్గరుండి తాగించమన్నావని చెప్పాకే తీశాను. అందుకే మా ఆయన చేత గుమ్మంలోనే, నా చేత్తో, మొత్తం తాగించేశాను."